మా పెరట్లో పేరు లేని పిట్ట

మా పక్కింటాయన రిటైరయ్యాక బైనాక్యులర్స్ కొనుక్కున్నారు. అప్పటి నుంచి తాడేపల్లిగూడెంలో మా వీధి పిట్టలకి మనశ్శాంతి లేదు. ఆయన మేడ మీద నిలబడితే మా పెరడు మొత్తం కనిపిస్తుంది. నేను తడిజుట్టు ఆరబెట్టుకుంటున్నా, మా ఆయన బనీనుతో మొక్కలకి నీళ్ళు పోస్తున్నా ఆయనకి పట్టదు. మంచివారే, పిట్టలు తప్ప ఇంకేమీ ఆయన కంటికి ఆనవు. అయినా నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు పొద్దున్నే గోడ మీంచి తల పెట్టి, “ఏవండీ, మీ పెరట్లోకి మాగ్‌పై రాబిన్ వస్తోందండి. నలుపూ తెలుపూ ఉంటుంది, తోక ఎత్తి తిరుగుతుంది. దాన్ని మన వైపు తెలుగులో ఏమంటారో పెద్దావిడకి తెలుసేమో కాస్త కనుక్కుంటారా?” అని అడిగారు.

పెద్దావిడంటే మా అమ్మ. నాన్న పోయిన దగ్గర్నుంచీ నా దగ్గరే ఉంటోంది. ఆయన అడిగినప్పుడు అక్కడే ఉంది, వంటింటి గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, శాలువా కప్పుకుని, మా ఆయన పాత మంకీ క్యాప్ పెట్టుకుని. ఆ మాట విని కుర్చీ చేతులు పట్టుకుని నెమ్మదిగా లేచి లోపలికి వెళ్ళిపోయింది.

“ఏమైనా తప్పుగా అడిగానాండీ?” అన్నారాయన.

“అబ్బే, లేదండీ. ఆవిడకి సరిగ్గా వినపడదు” అని అబద్ధం చెప్పాను. మా అమ్మవి పాము చెవులు. పక్క వీధిలో పాల బండి ఆగితే ఇక్కడ గిన్నె తీసుకుని సిద్ధంగా ఉంటుంది.

ఆ పిట్టని మా వైపు నలంచి అంటారు. ఆయన అడిగినప్పుడు ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు.

మా పెరడు పెద్దదేమీ కాదు. ఒక జామచెట్టు, రెండు అరటి మొక్కలు, కరివేపాకు, అంట్లు తోముకునే చప్టా, దాని నీళ్ళు పారే చిన్న కాలువ. చలికాలంలో పిట్టలకి ఆ కాలువంటే ప్రాణం. పొద్దున్నే ముందు గోరింకలు దిగుతాయి. వాటికి నెమ్మదిగా మాట్లాడడం చేతకాదు. తర్వాత పిగిలిపిట్టలు వచ్చి దోర జామకాయలన్నీ సగం సగం కొరికి కింద పడేస్తాయి, నేను తిట్టుకుంటూ ఏరుకుంటాను. కాటుకపిట్ట తోక ఆడించుకుంటూ చప్టా అంతా తనకే రాసిచ్చినట్టు తిరుగుతుంది. అది చలికాలపు చుట్టం, ఎండలు ముదిరేసరికి కనిపించదు. మట్టిరంగు పిట్టలు కొన్ని గుంపుగా వచ్చి ఎండుటాకులన్నీ తిరగేసి, వాటిలో అవి పోట్లాడుకుని వెళ్ళిపోతాయి.

ఈ సందడంతా అయ్యాక అది వస్తుంది. ఒక్కటే వస్తుంది. చప్టా అంచు మీద వాలి, తోక నిటారుగా నిలిపి, మెడ చాచి లోపలికి చూస్తుంది. ఎండాకాలం ముందు దీని పాట వినాలి, తెల్లారకముందే చిటారుకొమ్మన కూర్చుని వీధంతా మోగిస్తుంది. చలికాలంలో మాత్రం దాదాపు మూగది. ఎప్పుడైనా గొంతు గీరుకున్నట్టు ఒక చప్పుడు చేస్తుంది, లేదంటే సన్నగా, సాగదీసి ఒకే ఒక్క ఈల. ఎవరినో పిలవబోయి మానుకున్నట్టు ఉంటుంది.

అమ్మ దానికోసమే ఆ చలిలో కూర్చునేది. నేను లోపలికి రమ్మని ఎంత అరిచినా వచ్చేది కాదు. అది వచ్చి, నాలుగు పురుగులు తిని, వెళ్ళిపోయాక నా వైపు తిరిగి ఎప్పుడూ ఒకటే ప్రశ్న అడిగేది.

“అది విన్నదంటావా?”

“లేదమ్మా. వినలేదు” అనేదాన్ని నేను. ప్రతి చలికాలమూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు. నా జవాబు ఆవిడ నమ్మేది కాదు. నేనూ నమ్మేదాన్ని కాదు.

నాకు ఒక చెల్లెలు ఉండేది.

అప్పట్లో మేం కొల్లేరు అంచున, ఆకివీడు నుంచి లోపలికి వెళ్ళే దారిలో, ఒక చేపల చెరువు గట్టు మీద ఉండేవాళ్ళం. చెరువు మాది కాదు. దాని యజమాని ఆకివీడులో ఉండేవాడు, కాపలా నుంచి మేత దాకా అన్నీ మా నాన్న చూసుకునేవాడు. గట్టు మీద ఒక తాటాకు పాక. పాకలో తాత, నాన్న, అమ్మ, నేను, చెల్లి. చెల్లి పుట్టడానికి కొన్ని నెలల ముందే మా నాయనమ్మ పోయింది. ఆడపిల్ల పుట్టిందని చెప్పగానే మా తాత, “వచ్చేసిందన్నమాట” అన్నాడట. అందుకని నాయనమ్మ పేరే పెట్టారు.

పెట్టారు సరే, పిలిచేదెవరు? అమ్మకి అది అత్తగారి పేరు, నోటితో అనకూడదు. తాతకి పెళ్ళాం పేరు, ఆవిడ బతికుండగానే ఏనాడూ అనలేదు, పోయాక అంటాడా. నాన్నకి కన్నతల్లి పేరు, ఆ పేరు పట్టుకుని ‘ఒసేయ్ ఇలా రావే’ అనడానికి ఆయనకి నోరు రాలేదు. నేను ఒకసారి సరదాకి అంటే అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. ఇప్పుడు ఈ కాగితం మీద రాద్దామన్నా నా చెయ్యి సాగడం లేదు, చూడండి.

అందుకని తాతే దాన్ని నలంచి అన్నాడు. నల్లగా ఉండేది, నెత్తి మీద పిలక నిటారుగా నిలబడేది, కాలు ఒకచోట నిలిచేది కాదు. మా గట్టు మీద తుమ్మకంపల్లో తిరిగే పిట్టకీ అవే లక్షణాలు. ఇంట్లో అందరికీ ఆ మాటే అలవాటైపోయింది. నలంచీ అంటే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేది. నాలుగేళ్ళ పిల్ల. ఇంకా బడి మొహం చూడలేదు. తనకి ఇంకో పేరుందని దానికి ఎవరు చెప్తారు?

ఆ రోజు చెరువులో చేపలు పట్టే రోజు. చలికాలం, పొద్దున్న. కొల్లేటి మంచు చూడనివాళ్ళకి చెప్పడం కష్టం, చెయ్యి చాస్తే వేళ్ళు కనిపించవు. వలలు లాగేవాళ్ళు లోపలి ఊళ్ళ నుంచి వచ్చారు, ఓ పాతికమంది ఉంటారు. ఐసు తెచ్చే లారీ మంచులో దారి కనపడక రోడ్డు మీదే ఆగిపోయింది. పని మొదలవక అందరూ గట్టు మీద చుట్టలు కాల్చుకుంటూ కూర్చున్నారు. అమ్మ పెద్ద గిన్నెలో టీ కాస్తోంది. చెల్లి గౌను ఒళ్ళో మరమరాలు పోయించుకుని పిట్టకి పెడతానని గుమ్మం దాటింది. పిట్టకి పెట్టడం దానికి రోజూ ఉన్న పనే. రోజూ మంచు మాత్రం అంత ఉండదు.

టీ అందరికీ పోశాక అమ్మ చూసుకుంటే పిల్ల లేదు.

వలవాళ్ళు మంచి మనుషులు. గ్లాసులు కింద పెట్టేసి అందరూ లేచారు. వాళ్ళలో పెద్దాయన, “పాప పేరేంటండీ?” అని అడిగాడు. మా నాన్నకి మొహమాటం వచ్చింది. పరాయివాళ్ళకి నలంచి అని ఎలా చెప్తాం, అదొక పేరా? అసలు పేరు చెప్పాడు. అదీ గొంతు తగ్గించి.

ఇక అందరూ ఆ పేరే పట్టుకున్నారు. గట్టుకి ఇటూ అటూ చీలి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, గొంతెత్తి పిలిచారు. నన్ను కదలొద్దని తాత దగ్గర కూర్చోబెట్టారు. నాకు అప్పటిదాకా ఆ పేరు గట్టిగా వినడం తెలియదు. పాకలో కూర్చుని వింటుంటే నాకు వాళ్ళు పిలుస్తున్నది చెల్లిని అనిపించలేదు. పోయిన మా నాయనమ్మని పాతికమంది మంచులో నిలబడి రమ్మంటున్నారు అనిపించింది. తాత నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

“ఎందుకు పిలుస్తున్నార్రా దాన్ని?” అన్నాడు బయటికి చూస్తూ. “పిలవకండ్రా. వస్తుంది.”

ఆ కేకల అడుగున, సన్నగా, అమ్మ గొంతు వినపడేది. నలంచీ, నలంచీ అని. ఆవిడ గొంతు మొదట్నుంచీ చిన్నదే, మామగారున్న ఇంట్లో ఇంకా చిన్నదైపోయింది. కాసేపటికి వలవాళ్ళ పెద్దాయన ఆవిడ దగ్గరికొచ్చి నెమ్మదిగా, మర్యాదగా చెప్పాడు. “అమ్మా, మీరు కాసేపు ఊరుకోండి. మేం పిలుస్తున్నాం కదండీ. అందరం ఒకటే పిలుపు పిలవాలండి, మధ్యలో ఆగి వినాలండి. పాప పలికితే తెలియాలి కదా.”

అమ్మ ఊరుకుంది.

వాళ్ళు పిలవడం, ఆగడం, మళ్ళీ పిలవడం. ఆగినప్పుడల్లా చెరువులో నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. ఎండ పైకొచ్చి మంచు విడిచేసరికి చెల్లి నీళ్ళలో కనిపించింది. తూము పక్కన, గట్టుకి దగ్గరగానే.

అంతకన్నా పెద్ద సంగతి అక్కడి తుమ్మచెట్టు మొదట్లో ఉంది. అమ్మే ముందు చూసింది. చెట్టు కింద గడ్డి నలిగి ఉంది. మరమరాలు ఒక కుప్ప, ఆ కుప్పకి ఎదురుగా పిట్టల కోసం చిన్న చిన్న పిడికిళ్ళుగా పంచి పెట్టినవి బోలెడు. నిమిషంలో అయ్యే పని కాదు. అంటే అది అక్కడ చాలాసేపు కూర్చుంది. వలవాళ్ళు సగంమంది నిలబడి పిలిచింది అక్కడికి నాలుగడుగుల్లోనే, వాళ్ళ చుట్ట పీకలు అక్కడే ఉన్నాయి.

విని ఉంటుంది. ఎవరో పిల్ల తప్పిపోయింది పాపం, వాళ్ళు వెతుక్కుంటున్నారు అనుకుని ఉంటుంది. తనని పిలిచినప్పుడు వెళ్దాంలే అని కూర్చుని ఉంటుంది. ఆ తర్వాత పిట్ట ఎగిరి ఉంటుంది, ఇది దాని వెనక లేచి ఉంటుంది. నేను కూడబెట్టుకున్న కథ ఇది, దీనికి సాక్ష్యం లేదు. కానీ చలికాలంలో ఏ పొద్దున్నైనా నేను కళ్ళు మూసుకుంటే ఆ పిల్ల అక్కడ కూర్చుని వింటూనే ఉంటుంది.

అమ్మ అడిగినప్పుడల్లా, “మంచులో మాట దూరం పోదమ్మా” అనేదాన్ని. నీళ్ళ పక్కన పుట్టిన ఆవిడకి చెప్తున్నాను ఈ మాట. మంచు రోజున చెరువుకి ఆ గట్టున దగ్గితే ఈ గట్టున వినపడుతుంది.

తాత ఆ ఏడాదే పోయాడు. మేం ఆ గట్టు విడిచిపెట్టేశాం. నాన్న తణుకులో ఏదో పనిలో కుదిరాడు, నేను చదువుకున్నాను, పెళ్ళయి తాడేపల్లిగూడెం వచ్చాను. అందరి బతుకుల్లాగే గడిచింది. చలికాలంలో ఆ పిట్ట మాత్రం ఏ ఊరెళ్ళినా మా పెరట్లోకి వచ్చేది. అది ప్రతి పెరట్లోకీ వస్తుంది, అందులో వింత లేదని నాకు తెలుసు. ఆ తెలివి పగటిపూట బాగానే పనిచేస్తుంది, తెల్లవారుజామున పనిచేయదు.

పక్కింటాయన అలా అడిగిన చలికాలంలోనే మా అమ్మాయి పురిటికి వచ్చింది. ఏలూరు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. పచ్చిబాలింతరాలు ఇంట్లో ఉంటే నాకు ఊపిరి సలపలేదు, పిట్టల సంగతి మర్చిపోయాను. అమ్మ మర్చిపోలేదు. మునిమనవరాల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆ కుర్చీలోనే కూర్చునేది.

మా అల్లుడి తల్లి నిరుడు పోయారు. పిల్లకి ఆవిడ పేరు పెట్టాలని నల్లజర్లలో మా వియ్యంకుడుగారు ముందే అనుకున్నారు. ఫోన్‌లో ఆ సంగతి చెప్పినప్పుడు నాకేమీ తట్టలేదంటే అది అబద్ధం. అయినా ఆడపిల్లని ఇచ్చుకున్నవాళ్ళం, పెట్టుకోండి అన్నయ్యగారూ అన్నాను. అమ్మకి మాత్రం చెప్పలేదు.

బారసాల మా ఇంట్లోనే. పళ్ళెంలో బియ్యం పోసి, అల్లుడు ఉంగరంతో పేరు రాశాడు. చదివి చెప్పాడు. అందరూ బాగుంది బాగుంది అన్నారు. మా వియ్యంకుడుగారు పొలం మనిషి, మాట మెత్తన. “పేరు కాగితాల్లో ఉంటుందిలెండి. కోడలుపిల్ల ఎలాగూ అత్తగారి పేరు పెట్టి పిలవదు కదా. ఇంట్లోకి చిన్నీయో బుజ్జీయో ఏదో ఒకటి అనుకుంటారు” అన్నారు. అందరిళ్ళలోనూ ఉన్నదే కదా అన్నట్టు తలలూపారు.

“అలా వద్దు బాబూ.”

మూల కుర్చీలోంచి మా అమ్మ. శుభకార్యాల్లో ఆవిడ నోరు విప్పి ఎవరూ చూడలేదు. నా చేతిలో శనగల గిన్నె అలాగే ఉండిపోయింది.

“మీ ఇంటావిడ పేరు పెట్టుకోండి. మంచిదే. కానీ ఇంట్లో పిలవని పేరు పిల్లకి పెట్టకండి. అది తన పేరేనని దానికి తెలియాలి కదా బాబూ” అని, మా అమ్మాయి వైపు తిరిగింది. “నువ్వు పిలువు.”

“తర్వాత పిలుస్తాలే అమ్మమ్మా.”

“ఇప్పుడే పిలువు. కన్నదానివి నువ్వు. గట్టిగా పిలువు.”

మా అమ్మాయి ఆఫీసులో పదిమందిని హడలగొట్టే మనిషి. అది కూడా మామగారి మొహం వైపు చూసింది.

“పిలువమ్మా” అన్నారాయన. “మా ఇంట్లో ఆ పేరు వినపడి ఏడాది దాటిపోయింది.”

అది పిలిచింది. ముందు పెదాల్లోపలే. అమ్మ ‘గట్టిగా’ అంది. మళ్ళీ పిలిచింది, గోడ అవతలి పక్కింటాయనకి కూడా వినపడేలా. ఉయ్యాల్లో పిల్ల నిద్రలోంచి కదలనైనా లేదు. ఎవరో నవ్వారు, అందరూ నవ్వారు. వియ్యంకుడుగారు కండువాతో మొహం తుడుచుకుంటూ ఎండ మండిపోతోందన్నారు. ఎండేమీ లేదు.

చుట్టాలంతా వెళ్ళాక, సాయంత్రం, అమ్మకి మందులిద్దామని గదిలోకి వెళ్ళాను. మంచం మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది.

“ఏమీ కాలేదుగా” అంది.

“దేనికమ్మా?”

“అత్తగారి పేరు పెట్టి పిలిచిందిగా. ఏమీ కాలేదుగా. అంతేనా? ఇంత తేలికా?”

పక్కన కూర్చున్నాను. ఆవిడ ఏడవలేదు. నా వైపు తిరిగి ఎప్పుడూ అడిగేదే అడిగింది, అది విన్నదంటావా అని. ఆ రోజు నాకు అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది.

“విన్నదమ్మా. విన్నది. తననే పిలుస్తున్నారని అనుకోలేదు.”

“ఊఁ” అని మందులు మింగి అటు తిరిగి పడుకుంది. చెప్పి ఉండకూడదేమోనని నేను పొద్దుటి దాకా దొర్లుతూనే ఉన్నాను.

తెల్లారి లేచేసరికి మంచం ఖాళీగా ఉంది. వంటింటి తలుపు బార్లా తీసి ఉంది. బయట మంచు, ఈ ఊళ్ళో ఎప్పుడూ పట్టనంత మంచు. చప్టా కనిపించడం లేదు, జామచెట్టు లేదు, గోడ లేదు. అమ్మ మెట్టు మీద గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. శాలువా లేదు. నేను తిట్టబోతూ ఉండగా ఆవిడ పిలిచింది.

అత్తగారి పేరు. నా చెల్లెలి పేరు. ఆవిడ నోట ఆ పేరు వినడం నా జన్మలో అదే మొదలు. అంత గొంతు ఆవిడకి ఉందని నాకు తెలియదు. పిలిచి, ఆగి, చెవి ఒగ్గి నిలబడింది. మళ్ళీ పిలిచింది. మళ్ళీ ఆగింది. ఆ ఆగడం నేను భరించలేకపోయాను.

“ఇక్కడున్నానమ్మా” అన్నాను.

ఆవిడ వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాచి నా చెయ్యి పట్టుకుంది.

“నువ్వు పలక్కే” అంది. “దాన్ని పలకనీ.”